మీ చేతికేది అలవాటు

చీమకుర్తి కొండలో
ఇరవై రెండేళ్లు డ్రిల్లు పట్టిన చేతులు నావి.
నల్లరాయి కడుపులో నెర్రె ఉందో లేదో
సుత్తితో తట్టి, చెవి ఆనించి చెబుతాను.
మంచి రాయి గంటలా పలుకుతుంది,
చెడ్డది పగిలిన కుండలా.

మా చెల్లెలు మస్తానమ్మ తల
చిన్నప్పుడు ఎన్నిసార్లు ఒళ్లో పెట్టుకుని పేలు చూశానో,
ఏ రోజూ తేడా వినపడలేదు.

ఒంగోలులో డాక్టరు తెర వెలిగించాడు.
మెదడు అడుగున నెత్తుటి దారులు
ఆకు రాలిన తుమ్మకొమ్మలా.
ఒక పంగ దగ్గర మాత్రం
శనగగింజంత బుడగ.
"పగల్లేదు. పగిలేదాకా కూర్చోవద్దు," అన్నాడు.

కణత పక్కన ఎముకను కిటికీ రెక్కలా తీసి
మడతలు మెల్లగా పక్కకు జరిపి
బుడగ మెడకు ఒక క్లిప్పు పెట్టొచ్చట.
దండెం మీద చీరకు పెట్టినట్టే.
పట్టిందంటే మళ్లీ వదలడం అరుదు.
కాని తల తెరవాలి.

లేదా తొడ మొదట్లో సూదిబెజ్జం చేసి
నరంలోంచి నరంలోకి గొట్టం తోసుకుంటూ,
గుండె పక్కగా, మెడలోంచి పైకి పోయి
వెంట్రుకలాంటి ప్లాటినం తీగను
బుడగలో ఉండలా చుట్టి వదిలి రావొచ్చట.
నాలుగో రోజుకి ఇల్లు.
కాని ఆ ఉండ ఏళ్లు గడిచాక కుంగొచ్చు,
మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలి.

నాకు రెండూ తెలిసినట్టే ఉంది.
ఒకప్పుడు వరసగా బెజ్జాలేసి, చీలలు కొట్టి
కొండ నోరు తెరిపించేవాళ్లం.
ఇప్పుడు రెండు బెజ్జాలు లోపల కలిసేలా తొలిచి
వజ్రాల తీగ దూర్చి, నీళ్లు పోస్తూ కోస్తాం.
తీగే మేలంటాడు మేస్త్రీ.
అది తెగి, పాములా లేచి
ఏసుపాదం మోచేతిని తీసుకుపోయిన రోజు
అతను సెలవులో ఉన్నాడు.
చీలల కింద నలిగిన వేళ్ల లెక్క
నేనూ చెప్పను.

"ఏది మంచిదండీ?"
డాక్టరు నూటికి ఇన్ని అన్నాడు, నూటికి అన్ని అన్నాడు.
నూరు రాళ్లలో అయిదు పగిలినా
మా యజమాని నవ్వుతూనే ఇంటికి పోతాడు.
చెల్లెలు నూరు కాదే,
ఒకటి.

అప్పటిదాకా పలకని మస్తానమ్మ
(క్వారీ మలుపులో దానిది దోసెల బండి,
ఇంకా గోళ్ల సందున ఎండిన పిండి)
ముందుకు వంగింది.
"అయ్యా, నేను దోసె పోస్తే పలచని గుడ్డలా వస్తది.
పూరీ అడిగితే మాత్రం
పక్కబండి నాగూర్‌బీ దగ్గరికి పొమ్మంటా.
మీ చేతికేది అలవాటు?"

ఫ్యాను చాలాసేపు తిరిగింది.
ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని,
మళ్లీ తీశాడు.
"క్లిప్పు," అన్నాడు.
"కానీ ఇది ఉన్నచోటు లోతు, మెడ సన్నం,
తీగకే ఒప్పే బుడగ.
నెల్లూరులో ఒకామె ఉంది. నాకన్నా చిన్నది.
రోజూ ఆమెకదే పని."
చీటీ రాసిస్తూ తల ఎత్తలేదు.
ఆ క్షణాన ఆయన్ని తట్టి ఉంటే
గంటలా పలికేవాడు.

బస్సు సింగరాయకొండ దాటాక అడిగింది:
"అన్నా, ప్లాటినం బంగారం కన్నా ఖరీదా?"
"ఏమో."
"అయితే మంచిదే. తలలో ఉంటే
ఎవరూ తాకట్టు పెట్టమని అడగరు."

కావలి వచ్చేసరికి నిద్రపోయింది,
తల నా భుజం మీద.
చెవి ఆనించవచ్చు. ఆనించలేదు.
తట్టడమే నేర్చిన చేతులు రెండూ
ఒళ్లో కట్టుకుని
నెల్లూరు దాకా కదలకుండా కూర్చున్నాను.