ముట్టింది

గిండీ ఎస్టేటులో మూడో అంతస్తు. ఏసీ నీళ్లు
బకెట్లోకి చుక్కచుక్కగా.
ఎత్తేసిన చీటీల కంపెనీ దస్తరాలు ముప్పై ఆరు,
కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే.
"ఉన్నదున్నట్టు కొట్టు, ఎక్కడ విరిగితే అక్కడే విరువు"
అన్నారు. విరిచాను.

కొరుక్కుపేట నుంచి వచ్చినామె
బల్లకి అటు నిలబడి అడుగుతోంది:
"మాయమ్మ పేరు ఉండాదా లేదా, అది చెప్పు పాపా."

వజ్రాలమ్మ అని వెతికాను. సున్నా.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాను.
సున్నాయే.

అప్పటి గుమాస్తా ఎవరో,
కాగితం అంచు దాకా వచ్చేసి
చోటు చాలక
వజ్రా
లమ్మ
అని కింది గీతలోకి దిగిపోయాడు.
పద్యంలో పాదం చివర మాట తెగినా మనం
ఊపిరి తెగనివ్వం, అవతలికి లాక్కుపోతాం.
యంత్రానికి ఆ చదువు లేదు.
దాని చుక్క దేన్నయినా ఒప్పుకుంటుంది,
బండి ఱ, అంకె, ఖాళీ, నిద్రమత్తులో నేను కొట్టిన కామా.
పంక్తి చివర మాత్రం
గుమ్మం బయట చెప్పుల్లా ఆగిపోతుంది.

గుమ్మం దాటొచ్చని ఒక చిన్న గుర్తు పెట్టాను.
"వజ్రా" దగ్గర మొదలు, "ముట్టింది" దగ్గర ఆఖరు,
మధ్యలో చుక్క, చుక్క పక్కన నక్షత్రం.
ఎన్నాళ్ల ఆకలో
నాలుగు వందల పేజీలు ఒక్క గుటక.
దస్తరంలో చిట్టచివరి "ముట్టింది" దాకా
అందరి డబ్బూ వజ్రాలమ్మదే!
నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

నక్షత్రం వెనకాల ప్రశ్నార్థకం తగిలిస్తే
అత్యాశ పోతుంది,
మొదట దొరికిందే చాలంటుంది.
చాలంది. దొరికినవి: ఒకటి.
వజ్రాలమ్మ, నెలకి యాభై, పద్దెనిమిది నెలలు...
ముట్టింది.

"ముట్టిందటమ్మా" అనబోయి
ఎందుకో స్కాన్ చేసిన కాగితం తెరిచాను.
వజ్రాలమ్మ వరసలో ఆఖరి గడి ఖాళీ.
ముట్టింది ఆమెకి కాదు,
కింది వరసలో పాల గురవయ్యకి.
దాటమన్నాను కదా,
చుక్క పక్కింట్లోకీ పోయి
ఆ మాట ఎత్తుకొచ్చి ఈమె పేరుకి అతికించింది.

బకెట్ నిండింది. ఎవరూ పారబోయలేదు.
ఆమె ఇంకా నిలబడే ఉంది.
కుర్చీ లాగి వేశాను.
"ఉండాది," అన్నాను, నాకు సరిగా పలకని ఆమె యాసలో,
"ముట్టలేదు."