పదికి ఒకటి తక్కువ

ఆ ఏడాది మా బడిలో మేం తొమ్మిది మందిమి.
పది ఉండాలట.
శాంటియాగోలో, ఏడో అంతస్తులో
నెలీదా ఉర్రెహోలా అనే ఆవిడ
పట్టికలో ఒక గీత గీసింది.
మేం గీతకి కింద పడ్డాం.

ఆవిడ చెడ్డది కాదు. ముందే చెప్పాలి ఇది.
రైల్వే గుమస్తా కూతురు, స్కాలర్‌షిప్పు మీద చదువుకుంది.
ఒక్క టీచరు చేతిలో ఆరు తరగతులు నలగకూడదని,
దీవి పిల్లలకీ ప్రయోగశాల ఉండాలని, వేడన్నం దొరకాలని
ఇరవై రెండేళ్లు, కళ్లజోళ్లు మార్చుకుంటూ అంకెలు కూడింది.
జెనీవాలో ఏదో సభలో
చిలోయె దీవుల పటం తెర మీద వేసి
కొత్త బడికి దూరం నాలుగు కిలోమీటర్లు అంది.

నిజమే. పక్షికి నాలుగే.
మాకు ఆటూ పోటూ ఉన్నాయి,
ఉత్తరపు గాలి ఉంది,
బుద్ధి పుడితేనే తిరిగే
అబ్దోన్ పడవ ఇంజను ఉంది.
గంటా నలభై నిమిషాలు, తడి మేజోళ్లతో.
మా చెల్లి ఫ్రేసియా రెండో వారానికే
వాంతులకి జడిసి పొద్దున తినడం మానేసింది.
ఆ సంగతి రాయడానికి
పట్టికలో గడి లేదు.

పదకొండేళ్ల తర్వాత, బడులు తెరిచే మార్చిలో
రేవులో ఒక పెద్దావిడ దిగింది,
ఎర్ర వానకోటు, చేతిలో చిన్న నోటుబుక్కు.
ఎవరో చెప్పేదాకా పోల్చుకోలేదు:
మేం చూసింది సంతకాన్నే గాని మొహాన్ని కాదుగా.
పిల్లలతో పడవెక్కింది.
మొదటి రోజే కక్కుకుంది.
ఆరేళ్ల బుడతడొకడు సంచిలోంచి
ప్లాస్టిక్ కవరు తీసిచ్చాడు, అనుభవజ్ఞుడిలా.
మర్నాడు మళ్లీ ఎక్కింది. శీతాకాలమంతా ఎక్కింది.

మా అమ్మ మాత్రం ఆవిడకి టీ ఇవ్వలేదు.
జూన్ దాకా ఇవ్వలేదు.
జూన్‌లో ఒక బంగాళాదుంప రొట్టె
మాటా పలుకూ లేకుండా బల్ల మీద పెట్టి వెళ్లింది.

గురువారాలు సంఘం గదిలో కూర్చుని
అర్జీలు రాసిపెట్టేది.
ఏ మాట రాస్తే కాగితం ఏ బీరువాలో పడుతుందో తెలుసు,
ఆ బీరువాల తాళాలు ఆవిడ చేయించినవే.

పక్క దీవిలో పదమూడు మంది పిల్లలు, బడి లేదు.
మా దగ్గర బడి, తాళం, అయిదుగురు పిల్లలు.
మధ్యన ఇరవై నిమిషాల నీళ్లు.
మా వైపు ఇళ్లు కదులుతాయి. మింగా అంటాం.
ఊరంతా చేరి, తాళ్లు బిగించి, ఎడ్లు కట్టి,
పోటు వేళకి ఇంటిని సముద్రంలోకి దించి
పడవలతో ఈడ్చుకుపోతాం.
కానీ సర్కారు బడి స్థిరాస్తి, కదలకూడదు.
ఆవిడ పద్నాలుగు పేజీలు రాసి
దాన్ని చరాస్తి చేసింది.
అంత చిన్న అక్షరం మార్పుకి పది నెలలు పట్టింది.

ఫిబ్రవరిలో లాగాం.
తొమ్మిది జతల ఎడ్లు. బురద మోకాళ్ల దాకా.
తాడు ఎక్కడ పట్టుకోవాలని ఆవిడ అడిగితే
మా అమ్మ వెనక్కి తిరగకుండానే
"నా వెనకాల" అంది.

బడి నీళ్లలోకి జారింది, ఒక పక్కకి ఒరిగి.
కిటికీ ఒకటి పగిలింది.
గుమ్మంలోంచి ఒక కుర్చీ తేలుతూ
తన దారిన తాను పోయింది.

ఒడ్డున, బొబ్బలెక్కిన చేతులతో
నోటుబుక్కు తెరిచి ఆవిడ నన్నడిగింది:
అప్పటి తొమ్మిది మంది పేర్లు చెప్పమని.
చెప్పాను. వేళ్ల మీద ఎంచుతూ చెప్పాను.
ఎనిమిదే వచ్చాయి.
మళ్లీ ఎంచాను. ఎనిమిదే.
కలం ఆపి
ఆవిడ నా వంకే చూస్తోంది.