శివారు వంతు

మే నెల. కాలువలు కట్టేశారు.
అడుగు బురద నెర్రెలిచ్చి
ఒంటి చెప్పులూ, అద్దం పగిలిన పటాలూ బయటపడ్డ రోజులు.
అంబాజీపేటలో మా ప్రైవేటు బడి మేడ మీద
ముప్ఫై ఒక్కమంది టీచర్లం ట్రైనింగుకి కూర్చున్నాం.
కరెంటు పోయింది. హాజరు పట్టీలే విసనకర్రలు.

కాకినాడ నుంచి వచ్చినావిడ పేరు దయామణి.
బోర్డు మీద ఒక్క ముక్కా రాయలేదు.
తలా ఒక తెల్లకాగితం ఇచ్చి
"మీ క్లాసు పిల్లల పేర్లు రాయండి, చూడకుండా" అంది.

నాది మూడో తరగతి, నలభై రెండు మంది.
ర్యాంకుల వాళ్లు గబగబా వచ్చేశారు,
వెనకే డాక్టరు గారబ్బాయి, రైస్ మిల్లు వాళ్ల కవలలు,
ఆపైన అల్లరి మూక.
ముప్ఫై ఆరు దగ్గర పెన్ను ఆగింది.

"రాని పేర్లు ఎవరివో
ఇప్పుడు రిజిస్టరు తీసి చూడండి."
ఆరూ ఆఖరి పేజీలో ఉన్నాయి, ఎర్ర సిరాలో.
చట్టం ఇప్పించిన సీట్లు.
స్టాఫ్ రూములో మేం వాళ్లని "ఫ్రీ పిల్లలు" అంటాం,
టీలో చక్కెర కలుపుకుంటూ.

కరస్పాండెంటు గారు లేచారు:
"మా స్కూల్లో అలాంటి తేడాలు లేవండీ,
అందరికీ ఒకటే యూనిఫాం."
"ఆయ్, యూనిఫాం ఒకటేనండి" అంది దయామణి.
ఆ "ఆయ్" లోతు
ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మంచినీళ్లు తెచ్చిన ఆయా సువార్తమ్మని ఆపి
"మీకు తెలిసింది మీరు చెప్పండి" అని అడిగింది.
పద్దెనిమిదేళ్లలో ఆమెని ఈ మేడ మీద
ఎవరూ "మీరు" అనలేదు.
కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.
గుమ్మానికి ఆనుకుని, ట్రే గుండెకి హత్తుకుని అంది:
"గెడ్డం వారి ఏస్తేరండి, ఆళ్లమ్మ పీచు మిల్లుకెళ్తది,
ఆ పిల్ల క్యారేజీ మూత పూర్తిగా తియ్యదండి.
సందులోంచి ముద్ద లాక్కుని తింటది.
ఎండుచేప వాసనని ఓ రోజు టీచరుగారు
కిటికీలన్నీ తెరిపించారండి."
ఏ టీచరో చెప్పలేదు.
అది ఆమె నాకు పెట్టిన భిక్ష.

మా నాన్న కాలువ మీద లస్కరు.
డొక్కు సైకిలు, మూడు కట్టెల టార్చిలైటు,
రాత్రంతా గట్టు వెంబడే.
"హెడ్డు దగ్గర వదిలితే
అందరికీ ఇచ్చేసినట్టే అనుకుంటారమ్మా.
ఎగువోడు చీకట్లో కాలువకి ఇసక బస్తాలు అడ్డమేస్తాడు.
శివారోడు తెల్లారి వచ్చి నన్ను తిడతాడు.
తిట్టనీ, ఎండింది ఆడి చేనే కదా" అనేవాడు,
మోకాళ్ల దాకా తడిసి, బస్తాలు తీసొచ్చి.

ఆయన కూతుర్ని.
కిటికీలు తెరిపించింది నేను.

మూడో రోజు సాయంత్రం
"వచ్చే ఏడు ఇది ఎవరు నడుపుతారు?" అని అడిగింది.
లెక్కల మాస్టారు సిలబస్ సంగతి ఎత్తారు.
తెలుగు పంతులుగారికి బస్సు టైమైంది.
"మంచివాళ్లు అక్కర్లేదు నాకు" అంది దయామణి,
"లెక్క చూసేవాళ్లు కావాలి.
వార్షికోత్సవంలో మైకు ఎవరి చేతికి వెళ్తోంది,
తెర వెనక కుర్చీలు ఎవరు మోస్తున్నారు,
తప్పు చెబితే ఎవర్ని సవరిస్తున్నాం, ఎవర్ని చూసి నవ్వుతున్నాం."
నా చెయ్యి లేచింది.
ధైర్యం అనుకుని చప్పట్లు కొట్టారు. సిగ్గు అది.

జూన్. కాలువకి నీళ్లొదిలారు.
రిజిస్టరు కొత్తగా రాశాను, ఒకే సిరాతో, అక్షర క్రమంలో.
ఫీజుల లెక్క తేలదని గుమస్తా విసుక్కున్నాడు.
మధ్యాహ్నం వెళ్లి ఏస్తేరు పక్కన బెంచీ మీద కూర్చుని
నా డబ్బా మూత తీసి పక్కన పెట్టాను.
ఆ పిల్ల జరిగింది.
తన మూత ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

గేటు ఎత్తాక శివారుకి నీళ్లు చేరడానికి
నాన్న రోజుల్లో పదకొండు రోజులు పట్టేది,
ఎవరూ అడ్డం వెయ్యకపోతే.

ఇవాళ రెండో రోజు.