ఎఫ్ పన్నెండు

జుగ్దిదిలో ఆ రాత్రి వాన
రేకుల మీద హేజెల్‌నట్లు దిమ్మరించినట్టు.
కాటాల గదిలో మ్జెవినార్ అత్త ఒళ్లో ల్యాప్‌టాప్.
నీలం తెర మీద చుక్కల చక్రం
మధ్యాహ్నం నుంచీ గానుగెద్దులా తిరుగుతోంది.
నలభైమూడు ఇళ్ల పంట లెక్క దాని కడుపులో.
తెల్లారితే బాతుమి బేరగాడు వస్తాడు.

నాకప్పుడు పదిహేనేళ్లు.
తాళంచెవుల గుత్తిలో గోరంత యూఎస్‌బీ.
"ఏముందిరా ఇందులో?"
"ఒక బాటసారి.
మన పొయ్యి మీదే కాచుకు తాగుతాడు,
మన దీపం వెలుగులోనే వెతికిపెడతాడు,
గోడకి మేకు కూడా కొట్టకుండా పోతాడు."

ఎఫ్ రెండు కాదు. డిలీట్ కాదు.
నాలుగోసారి ఎఫ్ పన్నెండు మీద
అప్పులవాడు తలుపు బాదినట్టు బాదితే
నల్లటి తెర మీద తెల్లటి చీమలబారు కదిలింది.

భాష ఎంచుకోమంది.
జాబితా జారుతుంటే నడుమ ఒక గుండ్రటి లిపి.
"ఎవరిదిది? మన అక్షరాలకి చుట్టంలా ఉందే!"
ఏమో అన్నాను.
రైలు ఆగని స్టేషన్‌లా అది పైకి వెళ్లిపోయింది.
ఇంకాస్త కింద మాది దొరికింది.

డిస్కు తెరుచుకుంది.
లెక్కల ఫైలు పెట్టిన చోటే ఉంది,
ఏమీ ఎరగనట్టు.
రెండుచోట్ల కాపీ తీశాను.

అప్పుడడిగింది అత్త, తెరకేసి చూస్తూనే:
"ఇప్పుడిందులో ఏదన్నా రాస్తే?"
"దాచకపోతే, కట్టేయగానే పోతుంది. నీటి మీద రాత."
"ఎవరూ తీయలేరా?"
"ఎవరూ."
కాసేపాగి, కాఫీ పెట్టుకురమ్మంది.

వంటగదిలోకి వినిపించింది.
మొదట ఒక్కో మీటా, తడుముకుంటూ.
తర్వాత ఏది వానో ఏది వేళ్లో తెలియలేదు.
కాఫీ రెండుసార్లు పొంగింది,
నేను కావాలనే ఇంకోసారి పెట్టాను.

వచ్చేసరికి తెర నలుపు.
యూఎస్‌బీ ఆమె అరచేతిలో, ఇంకా వెచ్చగా.
"అలా లాగేయకూడదత్తా, ముందు ఆపాలి!"
"ఆపే లాగాను" అంది.

మర్నాడు ఏకా వాళ్ల బస్తాలో పదకొండు కిలోలు తగ్గి
గొడవైంది, అది వేరే సంగతి.

ఇప్పుడు నాకో రిపేరు దుకాణం.
కాలిన డిస్కుల్లోంచి, తడిసిన డిస్కుల్లోంచి
చెరిపేసిన పెళ్లిఫొటోలు సైతం తవ్వి తీస్తాను.
ఆ రాత్రి రాత ఒక్కదానికే
నా దగ్గర పనిముట్టు లేదు.
ఉన్నా తెరవను అనుకుంటాను,
అన్ని రోజులూ కాదు.

కాఫీ చల్లారిపోయింది.
ఇద్దరం అలాగే తాగేశాం.