కుడి నుంచి ఎడమకు

పత్తికొండ కోర్టు గోడ నీడలో
నాదొక పాత తెలుగు టైపు మిషను.
'ర' వత్తు కొంచెం పైకి పడుతుంది.
ముప్పై ఏండ్లుగా ఈ తాలూకా గట్ల తగాదాలన్నీ
ఆ వంకర వత్తు మీదుగానే నడిచినాయి.

తొలి వాన పడి
జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలకని వంగి నడిచే దినాలు.
కాశింబి వచ్చింది, టమాటా మండీ నుంచి నేరుగా,
చేతులింకా ఎర్రగానే.
వెనకాల బిడ్డ, మాబున్ని.
"కాలేజీ మీద కేసెయ్యల్ల."
సీటియ్యలేదా?
"ఇచ్చినారు. అదే కేసు."

పదో తరగతిలో ఐదువందల అరవై రెండు.
అడక్కుండానే ఎంపీసీ అని రాసుకున్నాడంట ప్రిన్సిపాలు,
ఫీజు సగం చాలు, ఫ్లెక్సీకి ఫోటో ఇయ్యమన్నాడంట.
పిల్ల హెచ్ఈసీ అనింది.
చరిత్రా! అని
రసీదులు చింపే గుమాస్తా కూడా నవ్వినాడంట.
"పదిహేను మందన్నా కావల్లమ్మా ఆ గ్రూపుకు,
నువ్వొక్కదానివే."

మద్దిలేటి వకీలు వాళ్ళ కరపత్రం తెచ్చి పరిచినాడు.
ఐఐటీ, నీట్ అనే లావు అక్షరాల కింద
చీమలబారు మాదిరి ఒక వరస:
ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ కలవు.
ఆ 'కలవు' మీదనే దావా నిలబెట్టినాడు.

ఐదో పేరా కాడ నా వేళ్ళు ఆగినాయి.
'వాది ఈ గ్రూపునే కోరుటకు కారణమేమనగా...'
ఏం కొట్టమంటావు పాపా?

ఎర్రగుడి బండ గురించి చెప్పింది.
ఎనిమిదిలో ఉన్నప్పుడు సారు తీసకపోయినాడంట.
కాళ్ళు కాలుతా ఉంటే నిలబడి చూసిందంట
ఒక వరస ఎడమ నుంచి కుడికి,
దాని కింది వరస కుడి నుంచి ఎడమకు,
చాలు కొసకు పోయి కాడెద్దులు మళ్ళినట్ల.
"చెక్కినాయప్ప తప్పు జేసినాడా, కావాలనే జేసినాడా?
సారును అడిగితే తెల్దన్నాడు.
నాకు తెలుసుకోవల్ల."

కోర్టుకు ఇది కారణం కాదన్నాడు వకీలు.
'భవిష్యత్ ఉపాధి దృష్ట్యా' అని కొట్టమన్నాడు.
కొట్టినా.
ఆ అబద్ధానికి స్టాంపు కూడా నేనే అంటించినా.

వాయిదా.
జడ్జి సెలవు.
కౌంటరుకు గడువు కావాలన్నారు, వాయిదా.
నా మిషను బండి కుడి కొసకు పోతుంది,
గంట కొడుతుంది,
మళ్ళీ మొదటికే వస్తుంది.
మళ్ళిన చోటి నుంచే నడవడం దానికి రాదు.

అంతవరకూ ఆ పిల్ల ఎంపీసీ రెండో బెంచీలో
సైన్లు, కాస్‌లు దించుకుంటా కూచునింది,
'హక్కులకు భంగం లేకుండా' అని మేము రాసిచ్చిన కాగితంతో.

ఒక వాయిదాకు వాళ్ళ ప్లీడరు
బోనులో కాశింబిని అడిగినాడు:
ఇంత తెలివైన పిల్లకు చరిత్ర ఏందమ్మా?
"తెలివి దానిదే కద సార్,
యాడ ఖర్చు పెట్టుకుంటాదో పెట్టుకోనీ."
జడ్జి తలెత్తినాడు. అది రికార్డులోకి ఎక్కలేదు.

ఫిబ్రవరిలో తీర్పొచ్చింది.
వాదికి కోరిన గ్రూపు ఇయ్యవలెను.
పరీక్షలకు ఇంక పద్దెనిమిది దినాలు.
కాలేజీ వాళ్ళు అప్పీలుకు కర్నూలు బస్సెక్కినారు.
పిల్ల తుగ్గలి, మద్దికెర ఊర్లు తిరుగుతా ఉందంట,
వచ్చే జూనుకు ఇంకో పద్నాలుగు మంది కోసం.
ముగ్గురు దొరికినారంట.
వాళ్ళల్లో ఒకడు, ఇంట్లో అడిగి చెప్తానన్నాడంట.

నకలు తీసుకోను ఒక్కతే వచ్చింది నిన్న.
నా బల్ల పక్కనే నిలబడి చదివింది
మొదటి వరస ఇట్ల నుంచి అట్లకు,
రెండోది అట్ల నుంచి ఇట్లకు,
వేలు ఆనించుకుంటా, పెదాలు కదుపుకుంటా.
"ఇట్ల సదివితే తాతా,
ఎవరు గెలిచినారో తెలీదు" అనింది.

నవ్విందో లేదో నేను చూడలేదు.
రిబ్బను మారుస్తా ఉన్నా,
వేళ్ళ నిండా మసి.