మాట వినడు

శనివారం మెహిదీపట్నంలో బస్సెక్కితే
చేవెళ్ల దాటాక తండా బడి.
ఒత్తులు, ఎక్కాలు, నాకొచ్చినంత చెబుతాను.

నోట్‌బుక్కులో కేతావత్ తరుణ్ పేరు పక్కన
జూన్‌లోనే రాసిపెట్టాను:
"మాట వినడు."

ఏడెనిమిదులెంతరా అంటే
కిటికీలోకి చూసేవాడు.
రెండుసార్లు గోడకుర్చీ వేయించాను.
అది మాత్రం రాసుకోలేదు.

వానలు ముదిరాక వాళ్ల నాయనమ్మ
దిండు గలీబు పట్టుకొచ్చింది,
పచ్చటి చీము మరకతో.
"యేడాది సంది నూనె చుక్కలేస్తనే ఉన్న సారూ."

కోఠి ఆసుపత్రి. నూటా పదకొండో టోకెను.
మధ్యాహ్నం దాటాక
డాక్టరమ్మ ఇనుప కడ్డీ మోగించి
కుడిచెవి దగ్గర పెట్టింది.
టక్కున చెయ్యెత్తాడు.
ఎడమచెవి దగ్గర
ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు,
అచ్చం నా క్లాసులో నిలబడ్డట్టే.

"కర్ణభేరికి చిల్లు పడింది.
నీళ్లు తగలనీయకండి. నెలనెలా తీసుకురండి."
ఆమె ఇంకేదో చెబుతోంది,
నాకు వినపడలేదు.

బయట సుల్తాన్‌బజార్ హారన్లు.
వాడు సమోసా ఊదుకుంటున్నాడు.
నోట్‌బుక్కు సంచిలోనే ఉంది.
వాడి కుడిపక్కకి మారి, కొంచెం వంగి
అడిగాను: "ఏడెనిమిదులు?"

"యాభై ఆరు.
సారూ, ఇంకోటి ఇప్పిస్తవా?"