ముందు కుర్చీ

కోవొలాలో, ఇంటి కింది గదిలో
ఔలిస్ ముందు కుర్చీ వేశాడు.
బల్ల తరవాత. పట్టాలు ఆ తరవాత.

కూర్చుని, సరిగ్గా కంటి ఎత్తున
గోడకి సుద్దగీత గీశాడు:
రైలు ఇక్కడ నడవాలి,
గేటు దగ్గర ఆగిన సైకిలువాడికి
కనబడినట్టు.

ముప్పై ఒక్క ఏళ్ళు కంట్రోలు గదిలో
రైలంటే తెరమీద జరిగే ఎర్రగీత.
కలప బండి, లూమాకి దాటింది, నాలుగు నిమిషాలు లేటు.
అంతే.
తడి కలప ఏ వాసన వేస్తుందో
చివరి పెట్టె మీద మంచు ఎన్ని బెత్తెలో
ఎవరూ ఫోనులో చెప్పలేదు.

"మరి స్టేషనేదీ?" మెట్ల మీంచి ఇర్మెలి.
లేదు.
"సిగ్నలు?"
ఉహూఁ. ఇంక ఎవర్నీ ఆపను.

ఒకటే పెద్ద చుట్టు, ఎడమన బర్చ్ చెట్లు, వెనక సొరంగం.
చిక్కంతా సొరంగంతోనే:
దూరిన రైలు ఎంతసేపటికి రావాలి?
వెంటనే వస్తే ఆటబొమ్మ.
మరీ ఆలస్యమైతే, పాత అలవాటు,
చెయ్యి ఫోను తడుముతుంది.

వాచీ తీసి జేబులో పడేసి
కాఫీ గుక్కలతో కొలిచాడు.
మూడో గుక్కకి, ఏదీ ఇంకా అని
మెడ దానంతటదే సాగింది.
అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టాడు.

కింది మెట్టు మీద ఇర్మెలి
ఇంకా లేని రైలుకి
కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.